ముల్లు రెడ్‌లోకి పోతోంది, హెడ్ దించాలా?

ప్రశ్న: బాబాయ్ గారూ, నమస్తే. మాది ఫిరంగిపురం దగ్గర పల్లెటూరు. నా దగ్గర 2009 మోడల్ డీజిల్ పికప్ ఉంది, మూడేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. సీజన్‌లో గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తోలతాను, మిగతా రోజుల్లో విజయవాడ గొల్లపూడి మార్కెట్‌కి సరుకు వేస్తాను. ఫిబ్రవరి నుంచి బండి హీటెక్కుతోంది. ఖాళీగా వస్తే ఏమీ ఉండదు. 40 టిక్కీలు వేసుకుని హైవే మీద 60 దాటితే పావుగంటలో ముల్లు రెడ్ దగ్గరికి పోతుంది. 40కి తగ్గిస్తే మళ్లీ దిగుతుంది. యార్డు గేటు దగ్గర లైన్లో గంటసేపు ఇంజన్ ఆపకుండా నిలబడ్డా సగం దాటదు. రోజూ లీటరు నీళ్లు పోస్తున్నాను, బండి కింద మాత్రం చుక్క కనపడదు. మొదటి మెకానిక్ థర్మోస్టాట్ వాల్వ్ తీసి పారేశాడు. తగ్గకపోగా కొంచెం పెరిగింది. రెండో ఆయన వాటర్ పంపు మార్చాడు. మూడో ఆయన హెడ్ గ్యాస్కెట్ పోయింది, హెడ్ దించాలి, 40 వేలు చూసుకోమన్నాడు. మొన్న కాజ టోల్ గేట్ దగ్గర ముల్లు రెడ్‌లోకి పోయి, ఒక్కసారిగా కిందికి పడిపోయింది. హమ్మయ్య అనుకుని మంగళగిరి దాకా పోనిచ్చాను. హెడ్ విప్పించాలా, బండి అమ్మేయాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇంకొకటి, కూలెంట్ ఆకుపచ్చది మంచిదా, ఎర్రది మంచిదా?

జవాబు: అబ్బాయ్, నీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది రెడ్‌లోకి పోయిన ముల్లు కాదు, కాజ దగ్గర కిందికి పడిపోయిన ముల్లు.

వేడి చూసే సెన్సార్ ఇంజన్‌లో నీళ్లు పారే చోట బిగించి ఉంటుంది. దాని మొన నీళ్లలో మునిగి ఉన్నంతసేపే అది చెప్పేది నమ్మాలి. నీళ్లు తగ్గి మొన గాల్లోకి తేలిందంటే, చుట్టూ ఇనుము కాలిపోతున్నా దానికి సరిగా తెలియదు. ముల్లు తాపీగా దిగిపోతుంది. నువ్వు హమ్మయ్య అనుకున్న నిమిషంలో నీ ఇంజన్‌లో ఉండాల్సిన నీళ్లు లేవన్నమాట. అక్కడి నుంచి మంగళగిరి పట్టుమని పది కిలోమీటర్లు లేదు, నిజమే. కానీ లోడు బండిలో హెడ్, అంటే సిలిండర్ల మీద మూతలా బిగించిన భాగం, వంగడానికి పది కిలోమీటర్లు ఎక్కువే. అందుకని మూడో మెకానిక్ మాటను నేను కొట్టిపారేయను. ఫిబ్రవరిలో ఆ గ్యాస్కెట్, అదే హెడ్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉండే సీలు, బాగానే ఉండి ఉంటుంది. మొన్నటి తర్వాత ఎలా ఉందో చూస్తే గానీ చెప్పలేం. చూడటానికి మాత్రం 40 వేలు అక్కర్లేదు, ఒక పొద్దుటి పూట పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు అయ్యేదాకా బండికి లోడు వేయకు.

ముగ్గురు మెకానిక్‌లూ మూడు పార్టుల పేర్లు చెప్పారు. వేడి ఎప్పుడు వస్తోంది, నీళ్లు ఎటు పోతున్నాయి అని ఒక్కరూ అడిగినట్టు లేదు. ఆ రెంటిలో మొదటిదానికి జవాబు నువ్వే రాశావు, చాలా వివరంగా రాశావు కూడా.

ఇంజన్ చల్లబడాలంటే రెండు పారాలి. లోపల నీళ్లు పారాలి, బయట రేడియేటర్ మీదుగా గాలి పారాలి. బండి నిలబడి ఉన్నప్పుడు గాలి ఇచ్చేది ఫ్యాన్ ఒక్కటే. 60లో పోతున్నప్పుడు ఎదురుగాలే కావలసినంత వస్తుంది, అప్పుడు ఫ్యాన్ తిరిగినా తిరగకపోయినా పెద్ద తేడా ఉండదు. కాబట్టి ట్రాఫిక్‌లో వేడెక్కి రోడ్డెక్కగానే చల్లబడే బండి అయితే అది గాలి జబ్బు. ఫ్యాన్ బెల్టు వదులైందా, ఫ్యాన్‌ని పట్టి తిప్పే విస్కస్ కప్లింగ్ పట్టు పోయిందా, ఫ్యాన్ చుట్టూ ఉండాల్సిన ప్లాస్టిక్ కౌల్ ఎప్పుడో డెంటింగ్ పనిలో పీకేసి మళ్లీ పెట్టలేదా అని చూస్తాం. నీది అందుకు సరిగ్గా రివర్సు. యార్డు గేటు దగ్గర, మార్చి ఎండలో, గంటసేపు నిలబడ్డా సగం దాటలేదంటే నీ ఫ్యాన్ బంగారం. దాని జోలికి పోవద్దు, ఎవరైనా మారుస్తానన్నా మార్చనివ్వకు.

లోడుతో వేగం పెంచినప్పుడు మాత్రమే వేడి వస్తోందంటే అది నీళ్ల జబ్బు. ఇంజన్ కాల్చిన డీజిల్ వేడిలో సుమారు మూడో వంతు బండిని లాగడానికి పోతుంది, ఇంకో మూడో వంతు సైలెన్సర్‌లోంచి పోతుంది, మిగిలినదాంట్లో ఎక్కువ భాగాన్ని నీళ్లే మోసుకెళ్లి రేడియేటర్‌లో వదలాలి. ఖాళీ బండి తక్కువ డీజిల్ తాగుతుంది, సగం పూడిపోయిన రేడియేటర్ కూడా ఆ వేడిని ఎలాగోలా నెట్టుకొస్తుంది. 40 టిక్కీలు వేసి 60లో లాగించేసరికి దాని బండారం బయటపడుతుంది. 40కి తగ్గిస్తే మళ్లీ దాని శక్తికి తగ్గ పని, ముల్లు దిగుతుంది. నువ్వు రాసిన లక్షణాలన్నీ అటే చూపిస్తున్నాయి.

మధ్యలో ఒక మాట. టిక్కీ 40 కిలోలే అనుకున్నా 40 టిక్కీలంటే 1600 కిలోలు. నీ ఆర్సీలో లోడు ఎంత రాసి ఉందో ఒకసారి తీసి చూసుకో. చూశాక నాకు రాయనక్కర్లేదు, నీకు తెలిస్తే చాలు.

ఇప్పుడు ఆ పొద్దుటి పరీక్ష. రాత్రంతా ఆగిన బండి అయి ఉండాలి, చెయ్యి పెడితే రేడియేటర్ చల్లగా తగలాలి. వేడి బండి మీద మూత తీసి మొహం కాల్చుకున్నవాళ్లని మా ఆటోనగర్‌లో చాలామందినే చూశాను. మూత తీసి అంచు దాకా నీళ్లు నింపు. డిప్‌స్టిక్ బయటికి లాగి చూడు. ఆయిల్ నల్లగా ఉంటే సరే, పాలు కలిపిన టీలా ఉంటే ఇంక పరీక్షలు అక్కర్లేదు, స్టార్ట్ కూడా చేయకు, నీళ్లు ఆయిల్లో కలిశాయి. ఆయిల్ బాగుంటే మూత తీసే ఉంచి స్టార్ట్ చేసి, ఐడిల్‌లో వదిలి రేడియేటర్ నోట్లోకి చూస్తూ నిలబడు. మొదట్లో ఒకటి రెండు బుడగలు వస్తాయి, లోపల ఇరుక్కున్న గాలి అది, కంగారు పడకు. నిమిషం దాటాక కూడా సోడా కొట్టినట్టు వరసగా బుడగలు వస్తూనే ఉన్నా, కొంచెం రేస్ చేయగానే నీళ్లు ఎగిరి బయటపడినా, సిలిండర్‌లో మండిన పొగ నీళ్లలోకి వస్తోందన్నమాట. గ్యాస్కెట్ కాలింది, లేదా హెడ్ పగిలింది. పంపు తిరగడం వల్ల నీళ్లు కదిలి అనుమానంగా ఉంటే, బండి ఆపి బెల్టు తీసేసి, ఒక్క నిమిషం మాత్రం నడిపి చూడు. అప్పుడు పంపు తిరగదు కాబట్టి వచ్చే బుడగ ఏదైనా సిలిండర్‌దే.

రెండో గుర్తు చేతికి తెలుస్తుంది. మూత పెట్టి, చల్లటి బండి స్టార్ట్ చేసిన రెండు నిమిషాల్లో పైన ఉన్న హోస్ పైపు నొక్కి చూడు. నీళ్లు ఇంకా గోరువెచ్చగా కూడా కాకముందే పైపు రాయిలా బిగిసిపోయిందంటే ఆ ప్రెషర్ వేడి వల్ల వచ్చింది కాదు, సిలిండర్ నుంచి వచ్చింది. బుడగలూ లేవు, పైపూ మెత్తగా ఉంది, పొద్దున్న సైలెన్సర్‌లో తెల్లపొగ కూడా లేదు అంటే ఆ 40 వేలు బీరువాలోనే ఉండనీ.

బుడగలు రాకపోతే మరి రోజూ లీటరు నీళ్లు ఎటు పోతున్నాయి? నా అనుమానం మూత మీద. అందరూ దాన్ని నీళ్లు ఒలకకుండా పెట్టిన బిరడా అనుకుంటారు. అది స్ప్రింగ్ ఉన్న వాల్వ్. చాలా మూతల మీద 0.9 అని అంకె వేసి ఉంటుంది, అంటే లోపల అంత బార్ ప్రెషర్ వచ్చేదాకా అది తెరుచుకోకూడదు. ఆ ప్రెషర్‌లో నీళ్లు 100 డిగ్రీల దగ్గర కాకుండా 118 దగ్గర మరుగుతాయి. ఇంట్లో కుక్కర్ చేసే పనే ఇది. మూత రబ్బరు ఎండి పగిలితే, స్ప్రింగ్ చచ్చిపోతే, కుక్కర్ కాస్తా మామూలు గిన్నె అవుతుంది. లోడు మీద నీళ్లు 100 దాటగానే మరిగి పక్క పైపు గుండా పోతాయి. హైవే మీద పోతాయి కాబట్టి బండి కింద మరక ఎక్కడ కనిపిస్తుంది? పక్కనున్న రిజర్వ్ డబ్బా పైపు ఊడి ఉందేమో కూడా చూడు. అది ఊడితే పోయిన నీళ్లు పోయినట్టే, చల్లబడ్డాక వెనక్కి పీల్చుకోవడానికి డబ్బాలో ఏమీ ఉండదు. కొత్త మూత కొనేటప్పుడు పాతదాని అంకె చూసి అదే అంకెది కొను. ఎక్కువ అంకెది పెడితే ఇంకా మంచిదనుకుని పెట్టకు. పాత రేడియేటర్, పాత పైపులు, ఎక్కడో ఒకచోట చీలుతుంది.

ఇక అసలు దొంగ అని నేను అనుకునేది రేడియేటర్. రోజూ లీటరు పోస్తున్నానని రాశావు, ఏ నీళ్లో రాయలేదు. రాయకపోయినా నాకు తెలుసు, దగ్గర్లో ఏ బోరు ఉంటే ఆ నీళ్లు. మన పల్నాడు వైపు బోరు నీళ్లు కాచిన గిన్నెకి ఎంత తెల్ల పొర కడుతుందో మీ ఇంట్లో ఆడవాళ్లని అడుగు. నీళ్లు ఆవిరై పోతాయి, సున్నం పోదు, లోపలే ఉండిపోతుంది. నువ్వు మళ్లీ లీటరు పోస్తావు, ఆ లీటరులోని సున్నం కూడా చేరుతుంది. మూడేళ్లు నువ్వు, నీకంటే ముందు ఎవరో ఎన్నేళ్లో. రేడియేటర్ గొట్టాలు చూస్తే అగ్గిపుల్ల దూరేంత సన్నగా ఉంటాయి, పూడటానికి ఎంత కావాలి? గొట్టం గోడకి పట్టిన పొర పలచగా ఉన్నా అది వేడిని బయటికి పోనివ్వదు.

పొద్దున్న మూత తీసినప్పుడే ఈ పనీ చేసెయ్. పాత రకం రాగి, ఇత్తడి రేడియేటర్ అయితే నీళ్లు కొంచెం దించి సెల్‌ఫోన్ లైటు లోపలికి కొట్టు. గొట్టాల మూతులు వరసగా కనిపిస్తాయి. మూతులు శుభ్రంగా తెరిచి ఉన్నాయా, తమలపాకుకి సున్నం పూసినట్టు ఉన్నాయా, తుప్పు బురదతో గోధుమరంగుగా ఉన్నాయా? లోపల పసుపు పచ్చటి ముద్దలు కనిపిస్తే నీకంటే ముందు ఓనర్ లీకేజీకి పసుపు పోశాడని అర్థం. నవ్వకు, ఇది డ్రైవర్లలో తరాలుగా ఉన్న వైద్యమే. సన్న చిల్లుని పసుపు మూస్తుంది, అబద్ధం కాదు, రాత్రిపూట ఊళ్లు లేని రోడ్డు మీద ఇల్లు చేరడానికి పనికొస్తుంది. కానీ దానికి చిల్లేదో గొట్టమేదో తెలియదు, రెండూ మూసేస్తుంది. దుగ్గిరాల పసుపు యార్డు మన పక్కనే ఉందని రేడియేటర్‌కి కూడా పసుపు పూయనక్కర్లేదు.

కింది హోస్ పైపు విప్పగలిగితే ఇంకా పక్కాగా తెలుస్తుంది. చల్లటి బండి మీద రేడియేటర్ కింది మూతిని అరచేత్తో మూసి, పైనుంచి నిండా నీళ్లు పోయించి, ఒక్కసారి చెయ్యి తీసెయ్. బిందె బోర్లించినట్టు భళ్లున కారిపోవాలి. కుళాయి సగం తిప్పినట్టు మెల్లగా కారిందంటే గొట్టాలు పూడిపోయాయి. దీనికి ఏ మీటరూ అక్కర్లేదు. ఆటోనగర్‌లో రేడియేటర్ పనివాళ్లు ఇప్పటికీ ముందు ఇదే చేసి చూస్తారు.

పూడిందని తేలితే, రాగి రేడియేటర్ అయితే అదృష్టవంతుడివి. పై ట్యాంకు టంకం విప్పి, గొట్టం గొట్టంలోకి సన్నటి చువ్వ దూర్చి సున్నం రాలుస్తారు, మళ్లీ టంకం పెడతారు. ప్లాస్టిక్ ట్యాంకు ఉన్న అల్యూమినియం రకానికి ఈ వైద్యం లేదు, కొత్తది వేయించడమే. యాసిడ్ పోసి కడిగేస్తాం, అరగంటలో అయిపోతుంది అనే మాట మాత్రం వినకు. ఘాటు యాసిడ్ సున్నాన్ని తింటుంది, టంకాన్నీ తింటుంది, అల్యూమినియాన్నయితే ఇంకా త్వరగా తింటుంది. రేడియేటర్ బయటి రెక్కల సంగతి కూడా చూడు. మిర్చి దుమ్ము, పత్తి నూగు, చచ్చిన పురుగులు కలిసి దిండులా పేరుకుని ఉంటాయి. ఇంజన్ వైపు నుంచి ముందుకి మామూలు పైపుతో నీళ్లు కొట్టు. సర్వీసింగ్ సెంటర్లో ప్రెషర్ గన్ పెట్టించావో, రెక్కలన్నీ మడిచిపెట్టి పంపుతారు.

కింది హోస్ పైపు అన్నాను కదా, దాని గురించి నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. ఇరవై ఏళ్ల కిందటి మాట. తెనాలి వైపు నుంచి పాలు తెచ్చే వ్యాను ఒకటి మా షెడ్డుకి వచ్చింది. అదీ నీ బండిలాగే, హైవే మీద వేడి, ఊళ్లో మామూలు. గ్యాస్కెట్ పోయి ఉంది, నిజంగానే పోయి ఉంది. హెడ్ దించి, ఫేసింగ్ కొట్టించి, అంటే దాని అడుగు చదును చేయించి, కొత్త గ్యాస్కెట్ వేసి పంపాను. మూడు నెలలు తిరగకుండా మళ్లీ అదే గ్యాస్కెట్, అదే చోట కాలి వచ్చింది. రెండోసారి డబ్బులు నేనే పెట్టుకుని చేశాను, పరువు సమస్య కదా. అది కూడా రెండు నెలలే. మూడోసారి వచ్చినప్పుడు స్పానర్ ముట్టుకోలేదు. కుర్రాణ్ణి సీట్లో కూర్చోబెట్టి, బండి బాగా వేడెక్కనిచ్చి, రేస్ చేసి పట్టుకోమన్నాను. నేను బానెట్ ఎత్తి టార్చి వేసి చూస్తూ నిలబడ్డాను. ఐడిల్‌లో కింది పైపు గుండ్రంగానే ఉంది. రేస్ పెంచేకొద్దీ నెమ్మదిగా నడుము నొక్కుకుపోయింది. కొబ్బరి బోండాంలో అడుగు నీళ్లు గట్టిగా పీలిస్తే స్ట్రా అతుక్కుపోతుంది చూడు, అలాగ. రేస్ వదలగానే మళ్లీ గుండ్రంగా అయిపోయింది, ఏమీ ఎరగనట్టు.

ఆ పైపులోంచి పంపు నీళ్లు పీల్చుకుంటుంది. పీల్పుకి గోడలు అతుక్కోకుండా లోపల ఒక స్ప్రింగ్ చుట్ట ఉండాలి. ఎవరో ఎప్పుడో చవక పైపు వేశారు, స్ప్రింగ్ పాత పైపుతో పాటు చెత్తలోకి పోయింది. వేగం పెరిగితే నీళ్లు ఆగుతాయి, హెడ్ కాలుతుంది, గ్యాస్కెట్ పోతుంది. పోయిన గ్యాస్కెట్ మార్చాను గానీ అది ఎందుకు పోయిందో చూడలేదు. నువ్వూ రేపు ఒక మనిషిని సీట్లో కూర్చోబెట్టి ఇదే చూడు. ఫ్యాన్ దగ్గర కండువాలూ వదులు చొక్కాలూ వద్దు.

అందుకే, నీ పొద్దుటి పరీక్షలో బుడగలు వచ్చి హెడ్ దించక తప్పకపోయినా, మూడో మెకానిక్‌కి ఒకటి ముందే చెప్పు. రేడియేటర్, మూత, కింది పైపు సరిచేయకుండా హెడ్ ఒక్కటే చేసి బండి ఇవ్వొద్దని. హెడ్ దించాక లేత్ షాపులో స్కేలు పెట్టి వంపు నీ కళ్ల ముందే చూపించమను, పగుళ్లకి ప్రెషర్ టెస్ట్ చేయించు. బిగించేటప్పుడు బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో, మాన్యువల్‌లో ఉన్న వరసలో బిగించాలి. చేతి అంచనాతో బిగించేవాడైతే ఎంత పేరున్నా వద్దు. గ్యాస్కెట్ దగ్గర రెండొందలు మిగుల్చుకోకు.

మొదటి మెకానిక్ పీకేసిన వాల్వ్ సంగతి. మన ఎండలకి థర్మోస్టాట్ ఎందుకు, అది చలిదేశాలకి అని ఆటోనగర్‌లో సగం మంది అంటారు. నేనూ కుర్రతనంలో అన్నాను. దాని లోపల మైనంతో నిండిన గుళిక ఉంటుంది. దాదాపు 82 డిగ్రీలకి మైనం కరిగి ఉబ్బి తలుపు తీస్తుంది, ఎన్ని డిగ్రీలకో దాని మీదే అచ్చు వేసి ఉంటుంది. అది తీసేస్తే పొద్దున్న ఇంజన్ వేడెక్కక డీజిల్ ఎక్కువ తాగుతుంది, సిలిండర్ అరుగుతుంది. ఇంకా పెద్ద చిక్కు ఒకటుంది. చాలా ఇంజన్లలో ఆ వాల్వ్ పైకి తెరుచుకునేటప్పుడు దాని అడుగు భాగం బైపాస్ దారిని మూస్తుంది. వాల్వే లేకపోతే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వేడి నీళ్లలో కొంత రేడియేటర్ మొహం చూడకుండానే మళ్లీ ఇంజన్‌లోకి తిరిగి వస్తుంది. తీసేశాక వేడి కొంచెం పెరిగిందని రాశావే, ఆ ముక్క చదవగానే ఇదే తట్టింది. కొత్తది కొని పెట్టించు. బిగించే ముందు గిన్నెలో నీళ్లు పోసి, దారంతో వాల్వ్ వేలాడదీసి పొయ్యి మీద పెట్టు. నీళ్లు తెర్లేలోపు అది నోరు తెరవాలి, బయటికి తీసి చల్లారితే మూసుకోవాలి. రెండూ చేస్తేనే బండికి.

వాటర్ పంపు మార్చినాయన పాత పంపు నీకు చూపించాడా? లోపలి రెక్కలు తిని ఉంటే మార్చడం న్యాయమే. బాగున్న పంపు మార్చి ఉంటే పోయిన డబ్బు పోయింది, ఇక దాని గురించి ఆలోచించకు. బెల్టు బిగువు ఒక్కటి చూసుకో. మధ్యలో బొటనవేలితో నొక్కితే సెంటీమీటరు దిగాలి, అంతకంటే ఎక్కువ ఊగకూడదు.

వీటన్నిటి తర్వాత కూడా లోడు మీద వేడి ఉంటే అప్పుడు డీజిల్ పంపు టైమింగ్, నాజిల్స్, ఎయిర్ ఫిల్టర్ చూడాలి. నల్లపొగ వస్తోందా? నువ్వు రాయలేదు కాబట్టి రావడం లేదనుకుంటున్నాను. ఒకసారి లోడుతో వచ్చి ఆగాక నాలుగు చక్రాల బ్రేకుల దగ్గరా చెయ్యి దగ్గరగా పెట్టి చూడు, తాకకు. ఒకటి మిగతా మూడింటికంటే బాగా సెగ కొడుతుంటే ఆ బ్రేకు పట్టేసి ఉంది, ఇంజన్ దాన్ని కూడా ఈడ్చుకుంటూ వస్తోంది.

ఇవన్నీ అయ్యేలోపు దారిలో మళ్లీ ముల్లు పైకి వెళ్తే పక్కకి తీసి, లోడు లాగడం ఆపి, నీళ్లు పూర్తిగా పోలేదనుకుంటే రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపెయ్. కాజ దగ్గర జరిగినట్టు ముల్లు పడిపోతే మాత్రం ఐడిల్ కూడా వద్దు, వెంటనే ఆపెయ్. మూత ముట్టుకోవద్దు, అరగంట పైన ఆగాల్సిందే. తర్వాత గుడ్డ వేసి సగం తిప్పి, ఆవిరి బుస్సుమనడం ఆగాక పూర్తిగా తియ్యి. కాలుతున్న ఇంజన్‌లో చల్లటి బాటిల్ నీళ్లు గుమ్మరిస్తే హెడ్ పగలడానికి అదొక్కటి చాలు. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, హెడ్ ఎంత?

అమ్మడం గురించి అడిగావు. వేడెక్కే బండిని ఇప్పుడు బేరానికి పెడితే వచ్చినవాడు రేడియేటర్ మూత తీసి చూసి నీకు అయ్యే రిపేరు ఖర్చుకి రెట్టింపు తగ్గించి అడుగుతాడు. బుడగలు లేకపోతే ముందు బాగు చేయించి, ఒక సీజన్ తోలి, అప్పుడు ఆలోచించు. బుడగలు వచ్చి, హెడ్ కూడా పగిలిందని తేలితే లెక్క వేరు. 2009 బండి కదా, పదిహేనేళ్లు దాటిన ట్రాన్స్‌పోర్ట్ బండ్ల ఫిట్‌నెస్ ఫీజులు 2022 ఏప్రిల్ నుంచి బాగా పెంచారు. ఆ ఫీజు, హెడ్ ఖర్చు, రేడియేటర్ ఖర్చు ఒక కాగితం మీద వేసి చూసి అప్పుడు తేల్చుకో. ఆ పరిస్థితిలో నేనైతే అమ్మేస్తాను.

కూలెంట్ రంగు అడిగావు. రంగు కంపెనీవాడు కలిపిన రంగే, దాన్ని బట్టి మంచీ చెడూ ఉండవు. ఒక కంపెనీ ఆకుపచ్చ, ఇంకో కంపెనీ ఆకుపచ్చ ఒకటే అని కూడా నమ్మకం లేదు. డబ్బా వెనక చదువు. నీది రాగి రేడియేటర్ అయితే రాగికి, టంకానికి పనికొస్తుందని రాసి ఉన్నది తీసుకో. నీళ్లు కలిపి వాడాల్సిన రకమా, నేరుగా పోసేదా అన్నది కూడా అక్కడే ఉంటుంది. కలపాల్సినదైతే రాసిన పాళ్లలోనే కలుపు. చిక్కగా పోస్తే ఎక్కువ చల్లబడుతుందనుకోకు, నీళ్లు మోసినంత వేడి కూలెంట్ మోయలేదు. అది ఉన్నది తుప్పు పట్టనివ్వకుండా, నీళ్ల మరుగు ఇంకాస్త పైకి జరపడానికి. పాతది పూర్తిగా దించి, రెండుసార్లు కడిగాకే కొత్తది పొయ్యి, రెండు రకాలు కలపకు. పోసేటప్పుడు మూత తీసి ఉంచి ఇంజన్ నడపాలి. వాల్వ్ తెరుచుకోగానే నీళ్లు ఒక్కసారి కిందికి దిగుతాయి, లోపలి గాలి పోయిందని గుర్తు, అప్పుడు నింపి మూత పెట్టు. కలపడానికి బోరు నీళ్లు వద్దు. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ ఐదు లీటర్ల క్యాన్ దొరుకుతుంది, ఒకటి సీటు వెనక పడేసి ఉంచుకో.